కాణీకి ఏమొచ్చేది, కాణీ ఎలా వచ్చేది

(గ్రంథాలయ వార్షిక సభలో చేసిన స్మారకోపన్యాసం పాఠం)



మాకు లెక్కలు చెప్పిన మాస్టారి పేర ఏటా జరిగే ఈ ఉపన్యాసానికి ఇదివరకు వచ్చిన పెద్దలు సాహిత్యం మీద, విద్య మీద మాట్లాడారు. నన్ను పిలిచినప్పుడు చిల్లర డబ్బుల గురించి మాట్లాడతానన్నాను. కార్యదర్శిగారు వెంటనే ఒప్పుకున్నారు. మాస్టారిని ఎరిగినవాళ్లెవరైనా ఒప్పుకుంటారు. అణాల కాలంలో ఉద్యోగంలో చేరి, నయాపైసల కాలంలో పాఠాలన్నీ మళ్లీ రాసుకున్న మనిషి ఆయన. నేను ఆయన క్లాసులో కూర్చునేసరికి అణాలు పోయి కొన్నేళ్లయింది. అయినా వారానికొక్కసారి అణాల లెక్క ఇచ్చేవారు. ఆ లెక్కలో బియ్యం ధరతోపాటు ఆ బియ్యం కొనే మనిషి రోజు కూలి కూడా ఉండేది. ధర ఒక్కటే చెబితే సగం లెక్కేనని, కూలి కూడా చెబితేనే అది లెక్క అవుతుందని ఆయన పట్టు. ఇవాళ నేను చెప్పబోయేదంతా ఆ పట్టు మీద నిలబడే చెబుతున్నాను.

మన ఇళ్లలో నలుగురు పెద్దలు చేరితే ఈ మాట రాక తప్పదు. మా రోజుల్లో కాణీకి గుప్పెడు బఠాణీలు వచ్చేవి, అర్ధణాకి ఇడ్లీ వచ్చేది, అణా పెడితే కాఫీ, పావలా ఉంటే నేల టిక్కెట్టు కొని సినిమా చూసి రావచ్చు. వింటున్న పిల్లలు నోళ్లు తెరుచుకుని వింటారు. ఇప్పుడు వంద నోటు మార్చితే సాయంత్రానికి మిగలదు కదా, అప్పుడు పావలాతో దర్జాగా బతికారన్నమాట అనుకుంటారు. చెప్పినవాళ్లు అబద్ధం చెప్పలేదు. ఆ ధరలు నిజమే. కానీ ఆ కాణీ చేతికి రావడానికి ఎంతసేపు నడుం వంచాలో ఆ కథలో ఉండదు. చిన్నప్పుడు తండ్రి ఇచ్చిన కాణీ, తాత ఇచ్చిన బేడ మాత్రమే గుర్తుంటాయి. తండ్రికి అది ఎలా వచ్చిందో పిల్లవాడికి తెలియదు. మన జ్ఞాపకాల్లో ఉన్న ధరలన్నీ దాదాపుగా పిల్లల జ్ఞాపకాలే.

ముందు ఆ నాణేల సంగతి కొంచెం చెప్పనివ్వండి. ఇక్కడున్న కుర్రవాళ్లలో చాలామంది వాటిని చూసి ఉండరు.

1957 ఏప్రిల్ 1 దాకా రూపాయికి 16 అణాలు. అణాకి నాలుగు కాణీలు, కాణీకి మూడు పైలు. ఈ పైనే చాలాచోట్ల దమ్మిడీ అనేవారు. అంటే రూపాయిలో 64 కాణీలు, 192 దమ్మిడీలు. రెండణాలు బేడ, నాలుగణాలు పావలా. పద్దుల్లో రూపాయలు, అణాలు, పైలు మధ్యలో గీతలు పెట్టి రాసేవారు. రూపాయి నాలుగణాలంటే 1-4-0. పాత చిట్టాలు తిరగేస్తే పేజీల కొద్దీ మొదటి గడిలో సున్నాలే కనిపిస్తాయి. ఆ ఇంటి వ్యవహారమంతా రెండో గడిలోనూ మూడో గడిలోనూ నడిచేది.

అంతకుముందు సంగతికి వస్తే, ఉత్తర సర్కారుల్లో ఈస్టిండియా కంపెనీవాళ్లు నడిపిన రాగి నాణెం పేరు డబ్బు. 1794లో ఇంగ్లండులో బర్మింగ్‌హామ్ దగ్గరి సోహో టంకశాలలో యంత్రాల మీద అచ్చువేయించి ఓడల్లో మన తీరానికి పంపారు. రూపాయికి 48 అని దాని మీదే ఇంగ్లీషులో రాయించారు. నాలుగు దమ్మిడీల రాగి ముక్క కోసం అంత దూరం నుంచి ఓడ రావాల్సి వచ్చింది. వెండి రూపాయిలతో శిస్తు వసూలు చేసుకోవచ్చు గాని, ఉప్పూ పప్పూ కొనుక్కునే బజారు నడవదని కంపెనీకి కూడా అప్పటికే అర్థమైంది.

1907లో వచ్చిన అణాబిళ్ల నాకు చాలా ఇష్టమైనది. అంచు చుట్టూ పూరేకుల్లా వంపులుంటాయి. చీకట్లో తడిమినా అది అణా అని తెలిసిపోతుంది. తరవాత వచ్చిన బేడ నలుచదరం, మూలలు గుండ్రం. చదువు రానివాళ్లు, చూపు లేనివాళ్లు వేలికొసలతో లెక్క సరిచూసుకోగలిగేలా చేశారు వాటిని. ఆ అణా మీద విలువను రాసిన లిపుల్లో తెలుగు కూడా ఉంది. చక్రవర్తి బొమ్మ ఒకవైపు, ఇంకోవైపు మన అక్షరాలు. ఆ అక్షరాలు చదవగలిగిన కూలివాడు ఆనాడు ఊరికి ఒకడైనా ఉండేవాడా అన్నది వేరే సంగతి.

ఇక చిల్లికాణీ. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో లోహం ఆదా చేయడానికి 1943 నుంచి 1947 దాకా కంచుతో వేశారు. నడుమ పెద్ద చిల్లు, చుట్టూ సన్నని వలయం. మొలతాడుకి కట్టారు, గొళ్లేల కింద వాషర్లుగా వేశారు, దారానికి గుచ్చి దండలుగా దాచుకున్నారు. యుద్ధకాలంలో చిల్లర కరువు ఎంత తీవ్రంగా ఉండేదంటే, 1940లోనే సర్కారు అవసరానికి మించి నాణేలు దాచుకోవడం నేరమని ప్రకటించింది, రూపాయి నోటు మళ్లీ అచ్చువేసింది. ధరలు ఒకపక్క పెరుగుతూంటే, కాణీ తన సగం శరీరం పోగొట్టుకుని బజారులో తిరిగింది.

తెలంగాణ వైపు లెక్క వేరు. నిజాం రాజ్యానికి సొంత సిక్కా ఉండేది. హాలీ రూపాయి, హాలీ అణా. ఇంగ్లీషువాళ్ల రూపాయిని కల్దార్ అనేవారు. ఏడు హాలీ రూపాయలు సుమారుగా ఆరు కల్దార్ రూపాయలకు సమానం. సరిహద్దు బజార్లలో అణా అంటే ఏ అణా అని ముందు అడగాలి. బెజవాడ అణా, హైదరాబాదు అణా ఒకే పేరుతో ఉన్నా ఒకటే కాదు. కాబట్టి అణాకి ఏమొచ్చేదని ఎవరైనా చెబితే ఏ ఊళ్లో, ఏ ఏడు అని అడగడం మర్యాద తప్పిన పని కాదు.

ఇప్పుడు అసలు ప్రశ్నకి వద్దాం. ఈ నాణేలు ఎవరి చేతుల్లో ఉండేవి?

పల్లెటూళ్లలో సగానికి సగం బతుకులు నాణెం మొహం చూడకుండానే గడిచాయి. పాలేరుకి ఏడాదికిన్ని గింజలు. కోతకూలికి కల్లం దగ్గర కొలిచిన ధాన్యం. చాకలికి, మంగలికి, కుమ్మరికి, కమ్మరికి పంటలో మేర. ఇంటింటికీ గిద్దెలూ సోలలూ మానికలూ ఉండేవి, చిల్లర సంచి మాత్రం అందరిళ్లల్లో ఉండేది కాదు. తెలంగాణ దొరల గడీల కింద వెట్టి చేసినవాళ్లకి గింజలు కూడా దక్కలేదు. నిజాం ఏలుబడిలో రోజంతా మోత మోసి, ముల్లె దించి, ఖాళీ చేతులతో ఇంటికి వెళ్లిన మనిషికి అణాకి ఇడ్లీలు ఎన్నని చెప్పి ఏం లాభం? ధరలు చవకగా ఉన్న రోజులని మనం పిలిచేవి, చాలామందికి కొనే ప్రశ్నే లేని రోజులు.

కొనే ప్రశ్న వచ్చినప్పుడు ఏమయిందో 1877 చెబుతుంది. ధాత కరువని మన సీమలో ఇప్పటికీ అనే ఆ కరువు మద్రాసు రాజధానిని కుదిపేసింది. బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలు అతలాకుతలమయ్యాయి. కరువు పనుల్లో చేరిన జనానికి కూలి ఎంత ఇవ్వాలన్నది తేల్చడానికి సర్ రిచర్డ్ టెంపుల్‌ను పంపారు. ఖర్చు తగ్గించాలన్నది ఆయనకు అందిన ఆదేశం. రోజంతా రాళ్లు కొట్టే మగవాడికి ఒక పౌను గింజలు, ఒక అణా డబ్బు చాలునని తేల్చాడు. ఆడవాళ్లకి, పిల్లలకి ఇంకా తక్కువ. చరిత్రలో దానికి టెంపుల్ కూలి అని పేరు పడింది. మద్రాసు ఆరోగ్యశాఖ అధికారి డాక్టర్ కార్నిష్ ఆ తిండితో కష్టం చేసే మనిషి బతకడని గట్టిగా వాదించాడు. నిరసనల తర్వాత కొద్దిగా పెంచారు. అప్పటికే శిబిరాల్లో జనం ఎముకలగూళ్లయ్యారు. అణాకి ఎంతో వచ్చేదన్న మాట విన్నప్పుడల్లా నాకు ఆ అణా గుర్తొస్తుంది. అది కూడా అణాయే. ధాన్యం ధర ఆకాశానికంటిన ఏడు, ఒక పూట ప్రాణం నిలుపుకోవడానికి చాలని అణా.

ఇంకో ఏభై ఏళ్లు ముందుకి రండి. 1930 మార్చి 2న గాంధీజీ వైస్రాయి ఇర్విన్‌కు ఉత్తరం రాశారు. ఉప్పు సత్యాగ్రహానికి ముందు రాసిన ఉత్తరం అది. అందులో ఆయన వేసిన లెక్క మా మాస్టారు బోర్డు మీద వేసే లెక్క లాంటిదే. వైస్రాయి జీతం నెలకి 21,000 రూపాయలు, అంటే రోజుకి 700 పైచిలుకు. భారతీయుడి సగటు రాబడి రోజుకి రెండణాలకు దగ్గర. ఒకరిది ఇంకొకరిదానికి ఐదువేల రెట్లకు పైన. రెండు అంకెలు పక్కపక్కన పెట్టి రాజ్యాన్ని నిలదీశారు.

ఆ రెండణాలనే గీటురాయిగా తీసుకుని ఉప్పు పన్ను చూద్దాం. అప్పటి పన్ను మణుగుకి రూపాయి నాలుగణాలు. ఆ సర్కారీ మణుగంటే 82 పౌన్ల పైచిలుకు. రూపాయి నాలుగణాలంటే 240 పైలు. భాగిస్తే పౌనుకి సుమారు మూడు పైలు, అంటే దాదాపు కాణీ. ఉప్పు ధర కాదు ఇది, ధర మీద పన్ను మాత్రమే. మనిషికి ఏడాదికి పన్నెండు పౌన్ల ఉప్పు అనుకుంటే పన్నెండు కాణీలు, మూడణాలు. ఇంట్లో ఐదుగురుంటే పదిహేనణాలు. రోజుకి రెండణాల మనిషికి వారం రోజుల రాబడికి మించి పన్ను కిందే పోయింది. కాణీయే కదా అని ఇంగ్లండులో కూర్చున్నవాళ్లు అనుకోవచ్చు. దండి నుంచి మన బందరు తీరం దాకా జనం సముద్రపు ఒడ్డుకి నడిచింది ఆ కాణీ కోసమే.

ఇంతవరకూ చెప్పింది వింటే చిన్న నాణెం అంటే పేదరికానికి గుర్తు మాత్రమే అనిపించవచ్చు. అది కూడా సగం లెక్కే అవుతుంది. చిన్న నాణెం పేదవాడికి ఇచ్చిన బలం ఒకటుంది. దాన్ని నేను చాలా పెద్దదిగా చూస్తాను.

పొద్దున్న కూలికి వెళ్లి సాయంత్రం డబ్బు చేతికి వచ్చే ఇల్లాలిని తలుచుకోండి. పొయ్యి వెలిగించే ముందు పిల్లను కొట్టుకి పంపుతుంది. కాణీకి చింతపండు, కాణీకి ఎండుమిరపకాయలు, కాణీకి నూనె. కొట్టువాడు చింతపండు కాగితం ముక్కలో పొట్లం కట్టి, నూనె చిన్న గిద్దెతో కొలిచి పిల్ల తెచ్చిన సీసాలో పోస్తాడు. గిద్దె మూతి అంచున మిగిలిన చుక్క కూడా సీసాలోకి జారేదాకా పిల్ల చెయ్యి తియ్యదు. చివర్లో కొసరు అడుగుతుంది. ఒక బెల్లం ముక్కో, నాలుగు శనగగింజలో చేతిలో పెడతాడు. మూడు కాణీలతో రాత్రి పులుసు అయింది, పిల్ల నోరు తీపయింది. ఆ ఇల్లాలికి వీశె చింతపండు కొనే శక్తి లేదు. కొననవసరం కూడా లేదు. ఏ రోజు కూలి ఆ రోజు వచ్చేవాళ్లకి ఏ రోజు సరుకు ఆ రోజు కొనుక్కునే వీలుండాలి. ఆ వీలు ఇచ్చింది కాణీ. పావలా కంటే చిన్న నాణెం లేకుండా ఉంటే, ఆమె అప్పు పెట్టుకుని కొట్టువాడి ఖాతాలోకి ఎక్కాల్సిందే.

చిన్న నాణేన్ని తీసేస్తే ఏమవుతుందో మన పొరుగున ఒడిశా పందొమ్మిదో శతాబ్దం మొదట్లోనే చూసింది. అక్కడ గవ్వలే చిల్లర. రూపాయికి 5,120 గవ్వలని లెక్క. కంపెనీ వచ్చి గవ్వలతో శిస్తు కుదరదు, వెండే కావాలంది. గవ్వలు పోగేసుకుని బతికిన రైతు వెండి కోసం షావుకారి గుమ్మం ఎక్కాడు, గవ్వల మారకం పడిపోయింది. 1817లో ఖుర్దాలో పైకలనే సైనిక రైతులు తిరగబడడానికి చరిత్రకారులు చెప్పే కారణాల్లో ఇదీ ఒకటి. మనం చిల్లిగవ్వ కూడా లేదని సులువుగా అనేస్తాం. ఒకప్పుడు గవ్వ లేకుండా చేయడమే రాజ్యం చేసిన అన్యాయం.

కాణీ చేసిన ఇంకో పని ఉత్తరం. 1879 జులైలో కాణీ కార్డు వచ్చింది. కార్డు ఖరీదు, తపాలా ఖర్చు అన్నీ కలిపి కాలణా. బరంపురంలో వేసిన కార్డు బందరుకి వెళ్లినా, లాహోరుకి వెళ్లినా అదే కాణీ. దూరం పెరిగినా ధర పెరగని వస్తువు కాణీకే సామాన్యుడి చేతికి రావడం అదే మొదలనిపిస్తుంది నాకు. రంగూన్‌లో మిల్లు పనులకు, ఓడరేవు పనులకు వెళ్లిన మన కళింగాంధ్ర కూలీల ఇళ్లకి క్షేమసమాచారాలు అందించింది తపాలావాళ్లే. చదువు రాని తల్లులు ఎవరిచేతో రాయించుకుని, ఎవరిచేతో చదివించుకున్నారు.

ఇక పావలా. 1920 నాగపూరు కాంగ్రెసు నియమావళి ప్రకారం ఏడాదికి నాలుగణాలు కట్టినవాళ్లెవరైనా సభ్యులు. మరుసటి ఏడు బెజవాడలో అఖిల భారత కాంగ్రెసు కమిటీ సమావేశమై కోటిమంది సభ్యులు, తిలక్ స్వరాజ్యనిధికి కోటి రూపాయలు, ఇరవై లక్షల రాట్నాలు అని లక్ష్యం పెట్టుకుంది. అప్పటిదాకా ప్లీడర్ల సభగా ఉన్నది నాలుగణాలతో జనం సభ అయింది. నాలుగణాలంటే గాంధీజీ లెక్కలో రెండు రోజుల రాబడి. తేలిక కాదు, అసాధ్యమూ కాదు. రూపాయి పెట్టి ఉంటే చాలామంది గడప బయటే ఆగిపోయేవారు. తెలంగాణలో ఆంధ్రమహాసభ కూడా సభ్యత్వ రుసుం తగ్గించాకే రైతుకూలీల సంఘంగా మారగలిగింది. ప్రజాస్వామ్యం గురించి పెద్ద పుస్తకాలు చదివినవాళ్లు కూడా ఈ రుసుం సంగతి పట్టించుకోరు. ఎంత చిన్న నాణేన్ని లోపలికి రానిస్తారన్న దాన్నిబట్టే ఏ సంఘం ఎవరిదో తెలుస్తుంది.

గ్రంథాలయంలో నిలబడి అణా గ్రంథమాల గురించి చెప్పకపోతే తప్పు. 1930ల చివర్లో నిజాం రాజ్యంలో తెలుగు పుస్తకం అచ్చువేయడమే సాహసమైన రోజుల్లో కె.సి. గుప్త, వెల్దుర్తి మాణిక్యరావు వంటివారు అణాకొక పుస్తకం చొప్పున జనంలోకి పంపారు. పేరులోనే ధర. దాదాపు అదే సమయంలో వట్టికోట ఆళ్వారుస్వామి దేశోద్ధారక గ్రంథమాల పెట్టారు. హోటల్లో పనిచేసి పొట్టపోసుకున్న మనిషి ఆయన. అచ్చయిన పుస్తకాలు తానే ఊరూరా మోసుకెళ్లి అమ్మారు. హోటల్లో ఎవరి జేబులో ఎంత ఉంటుందో చూసిన కళ్లవి. అందుకే పుస్తకం ధర ఎక్కడ ఉండాలో ఆయనకు తెలుసు. ఇక్కడ మన పత్రికల చరిత్ర కూడా ఒకసారి తలుచుకోవాలి. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో మొదలుపెట్టిన అమృతాంజనం సీసా తొలిరోజుల్లో పదణాలు. గుమాస్తాలు, వర్తకులు కొనగలిగిన మందు అది, కూలివాడిది కాదు. కానీ ఆ పదణాలు కూడబెట్టి ఆయన 1908లో ఆంధ్రపత్రిక పెట్టారు, తరవాత ఆంధ్ర గ్రంథమాల పెట్టారు. చిల్లర ఎటు నుంచి వచ్చింది, ఎటు వెళ్లింది అని చూస్తే కొన్ని చోట్ల మనసు నిండుతుంది.

1957 ఏప్రిల్ 1 గురించి మాస్టారు మాకు ప్రత్యేకంగా పాఠం చెప్పారు. రూపాయికి వంద నయాపైసలన్నారు. లెక్క సులువైంది, ఎక్కాలు సగం తగ్గాయి, నిజంగా మంచి పనే. పాత నాణేలు కూడా కొన్నేళ్లు కలిసి చలామణి అయ్యాయి. అణాకి ఆరుంబావు నయాపైసలు రావాలి, కాని పావు పైసా లేదు. అందుకని సర్కారు పట్టిక ఇచ్చింది. కాణీకి 2, అర్ధణాకి 3, మూడు కాణీలకు 5, అణాకి 6, పావలాకి 25. ఆ పట్టికను మాస్టారు బోర్డు మీద రాసి, ఎవరికి నష్టం అని అడిగేవారు. మేం తెల్లమొహాలు వేసేవాళ్లం. ఆయనే చెప్పేవారు. పావలా పెట్టి కొనేవాడికి పైసా నష్టం లేదు. అణా పెట్టేవాడికి కాస్త లాభమే. కాణీ బేరాలు చేసే మనిషికి కాణీ విలువ ఒకటిన్నర పైసా పైచిలుకే అయినా రెండు పైసలు ఇవ్వాలి. రూపాయిని కాణీ కాణీగా ఖర్చుపెడితే 64 బేరాలకు 128 నయాపైసలు. వందకి కొనాల్సింది నూట ఇరవై ఎనిమిదికి. చింతపండుకో కాణీ, నూనెకో కాణీ పంపిన ఆ ఇల్లాలే ఇది కట్టింది. ఎవరూ ఆమెను మోసం చెయ్యాలనుకోలేదు. చిన్న భిన్నాలను కొట్టివేసేటప్పుడు ఆ భిన్నాల మీదే బతికేవాళ్లు ఎవరో చూడలేదు, అంతే. నేను ఆయన దగ్గర నేర్చుకున్న పాఠాల్లో దీన్ని మించినది లేదు.

మా తరం పైసల తరం. 1964లో నయా అన్న మాట తీసేశారు. ఆరు పలకల మూడు పైసల బిళ్ల అప్పుడే వచ్చింది. తరవాత నలుచదరపు అల్యూమినియం పైసా. గాలికి ఎగిరిపోతుందేమో అన్నంత తేలిక. రెండు పైసలకు పిప్పరమెంట్లు, ఐదు పైసలకు పుల్లైసు, పది పైసలుంటే జీడీ, నిమ్మతొనలూ కొని నలుగురం పంచుకునేవాళ్లం. 1968లో పసుపుపచ్చని ఇరవై పైసల బిళ్ల మీద తామరపువ్వు వచ్చింది. దాన్ని ఖర్చుపెట్టడానికి మనసొప్పక పెన్సిల్ పెట్టెలో దాచుకున్న పిల్లలు నాకు తెలుసు. నేను కూడా ఇప్పుడు పిల్లవాడి జ్ఞాపకమే చెబుతున్నాను. మా నాన్నకి ఆ ఐదు పైసలు ఎలా వచ్చాయో అప్పట్లో నాకు పట్టలేదు.

ఆ బిళ్లలన్నీ ఒక్కొక్కటే బజారు నుంచి తప్పుకున్నాయి. 2011 జూన్ 30తో పావలా, దానికి దిగువ నాణేలన్నీ చట్టరీత్యా చెల్లకుండా పోయాయి. అర్ధరూపాయి చట్టం ప్రకారం ఇప్పటికీ చెల్లుతుంది, కొట్టువాడు మాత్రం తీసుకోడు. నాణెం చిన్నది కాలేనప్పుడు సరుకు చిన్నదవుతుంది. ఒక్కసారి తలంటుకి సరిపడే షాంపూ పొట్లాలు, చిన్న కాఫీ పొడి పొట్లాలు అలా పుట్టినవే. కూలి డబ్బుతో ఏ రోజు సరుకు ఆ రోజు కొనుక్కునే మనుషులు ఇంకా ఉన్నారని కంపెనీలు గుర్తించాయి. ఐదు రూపాయల బిస్కెట్ ప్యాకెట్టు ధర మారకుండా బరువు తగ్గుతూ వచ్చింది. అగ్గిపెట్టె ధర 2007లో అర్ధరూపాయి నుంచి రూపాయి అయింది, 2021 డిసెంబరులో రెండు రూపాయలయింది. పద్నాలుగేళ్లు కదలని ధర ఒక్కసారిగా రెట్టింపు కావలసి వచ్చింది, ఎందుకంటే మధ్యలో నిలబడే నాణెం లేదు.

మరి అప్పుడే నయమా, ఇప్పుడే నయమా? మాస్టారి పద్ధతిలోనే చూద్దాం. 2024-25లో ఉపాధి హామీ పథకం కింద ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ రోజు కూలి 300 రూపాయలు. హోటల్లో ఇడ్లీ ప్లేటు 40 రూపాయలనుకుంటే రోజు కూలికి ఏడున్నర ప్లేట్లు. రెండణాల రాబడి రోజుల్లో ఇడ్లీ అర్ధణా అయితే నాలుగు ఇడ్లీలు, అంటే రెండు ప్లేట్లు. ఇడ్లీ లెక్కలో ఇప్పటి కూలివాడే మెరుగు. బట్టల్లో, చెప్పుల్లో, ఉప్పులో ఇంకా మెరుగు. వైద్యం, పిల్లల చదువు, ఇంటి అద్దె తీసుకుంటే చెప్పలేం, ఆనాడు వాటిలో చాలా భాగం డబ్బుతో కొనే వస్తువులే కావు. బంగారు లోకం వెనకేదీ లేదని మాత్రం నేను ధైర్యంగా చెబుతాను.

నాణేనికి బలం బజారు ఒక్కటే ఇవ్వదు, సంఘం కూడా ఇవ్వగలదు. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చినప్పుడు రెండు రూపాయల విలువ ఒక్క రాత్రిలో మారిపోయింది. 2014లో హైదరాబాదులో ఐదు రూపాయల భోజనం మొదలైంది, 2018లో ఆంధ్రప్రదేశ్‌లో అన్న క్యాంటీన్లు తెరిచారు. ఆస్పత్రుల దగ్గర, బస్టాండుల దగ్గర ఆ వరసల్లో నిలబడ్డవాళ్లని చూడండి. ఆటో నడిపేవాళ్లు, పేషెంటుకి తోడుగా వచ్చినవాళ్లు, అడ్డా మీద పని దొరకని కూలీలు. ఐదు రూపాయల బిళ్ల ఇచ్చి కూపను తీసుకుంటారు. ఊరికే పెట్టించుకోవడం కాదది, కొనుక్కు తినడం. ఆ బిళ్ల ఖర్చులో చిన్న భాగమే అయినా, అది ఇచ్చి తీసుకున్న అన్నం దగ్గర తల వంచనక్కర్లేదు. ఈ పథకాల మీద రకరకాల అభిప్రాయాలుంటాయి. నాకు మాత్రం ఉచితం కంటే ఐదు రూపాయలే నచ్చుతుంది.

చివరగా మిమ్మల్ని ఒక్కటి అడుగుతాను. మన ఇళ్ల అటకల మీద, పెట్టెల అడుగున పాత చిట్టాలు, పద్దు పుస్తకాలు, కొట్టు ఖాతాలు ఇంకా ఉన్నాయి. రూపాయి అణా పైలలో రాసినవి. ఇల్లు మారినప్పుడు, ఇల్లు కూల్చినప్పుడు వాటిని పాత పేపర్లవాడికి వేస్తున్నాం. దయచేసి వేయకండి. ఎనభై, తొంభై ఏళ్ల పెద్దలు ఇంట్లో ఉంటే కూర్చోబెట్టి అడగండి. అణాకి ఏమొచ్చేదో చెబుతారు, రాసుకోండి. వెంటనే అణా ఎలా వచ్చేదో కూడా అడగండి. ఏ పనికి, ఎన్ని గంటలకు, ఆడవాళ్లకి ఎంత, మగవాళ్లకి ఎంత, గింజలైతే ఏ కొలతతో అని అడగండి. ఊరు, ఏడు తప్పకుండా రాయండి. కూలి చేసినవాళ్ల ఇళ్లలో చిట్టాలు ఉండవు కాబట్టి వాళ్ల మాటలు ముందు రాయాలి, భూములున్నవాళ్ల పద్దులు తరవాత చూసుకోవచ్చు. ఈ గ్రంథాలయంలో అందుకోసం ఒక బీరువా విడిగా పెడతామని కార్యదర్శిగారు మాట ఇచ్చారు. వచ్చే వార్షిక సభలోపు మీ దగ్గరున్నవి తెచ్చి ఆయనకు అప్పగించండి.